తిలంగా సిపాయి సంచీలో లేని బిళ్ళ

కిందటేడు మన సంఘం నెలవారీ సమావేశం ముగిసి అందరం టీ తాగుతూ నిలబడి ఉన్నప్పుడు ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. పాతికేళ్ళ పైచిలుకు సర్వీసు చేసి నాయబ్ సుబేదారుగా దిగిన మనిషి. పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆయన అడగలేదు గాని రాయకపోవడమే మర్యాద. జేబులోంచి ఎర్ర పట్టుగుడ్డ తీసి, మడతలు విప్పి, "సుబేదార్ సాబ్, మీరు ఇ.ఎం.ఇ. వాళ్ళు కదా, లోహాల సంగతి తెలిసినవాళ్ళు. దీన్ని ఒకసారి చూసి పెట్టండి" అన్నారు.

గుడ్డలో ఒక బిళ్ళ. ఇప్పటి పది రూపాయల నాణెం కన్నా పెద్దది, మందంగా ఉంది. ముదురు గోధుమ రంగు, సందుల్లో పచ్చటి కిలుము. ఒకవైపు సంజీవని పర్వతం ఎత్తుకున్న ఆంజనేయస్వామి. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ అనీ, ఒక అణా అనీ, 1818 అనీ రాసి ఉంది.

కథ అడిగితే మెల్లగా చెప్పారు. ఊళ్ళో తెలిసినవాళ్ళ ద్వారా ఒక మధ్యవర్తి పరిచయమయ్యాడట. ఈ బిళ్ళకి మహత్తు ఉందని, విదేశీ కంపెనీ ఒకటి రెండు కోట్లకి కొంటుందని చెప్పాడట. కాకపోతే ముందుగా 'టెస్టింగు' చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి, దానికి మూడు లక్షలు. నలభై వేలు అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశారు. మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి సోమవారం ఇవ్వాలి. ఆ డిపాజిట్ ఏమిటని అడిగాను. "రిటైరైనప్పుడు వచ్చిందే సాబ్, ఇంకేముంది నా దగ్గర" అన్నారు.

అది ఆదివారం మధ్యాహ్నం. సోమవారం బ్యాంకు తలుపులు తెరిచేలోగా మేమిద్దరం కూర్చుని తేల్చుకున్న సంగతులే ఈ వ్యాసం. తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి కూడా కలిపాను. ఇలాంటి బిళ్ళలు దేశమంతా తిరుగుతున్నాయి. పెన్షన్ డబ్బు ఎక్కడ ఉంటే అక్కడికి ముందుగా వస్తున్నాయి. అందుకే మన సంచికలో రాయాలనిపించింది.

నాణేన్ని అడగవలసిన మొదటి ప్రశ్న

అసలా నకలా అనగానే మనం గీటురాయి, ఆసిడ్, భూతద్దం గురించి ఆలోచిస్తాం. అవన్నీ తర్వాతి మాట. మొదట అడగాల్సింది, ఈ వస్తువు ఎవరి నమ్మకం సంపాదించడానికి తయారయింది అని. నాణెం అంటే నమ్మకమే కదా. సిపాయికి జీతంగా ఇస్తే అతను పుచ్చుకోవాలి. అతను బజారుకి పట్టుకెళ్తే కోమటి పుచ్చుకోవాలి. కాబట్టి ఏ ప్రభుత్వమైనా నాణెం మీద పుచ్చుకునేవాడికి తెలిసిన గుర్తులే వేస్తుంది, అతనికి అలవాటైన రాతే రాస్తుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం మోసం అక్కడే బయటపడుతుంది.

మన వాళ్ళ ఉదాహరణే తీసుకుందాం. 1756 చివర్లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి ఓడలమీద తీసుకెళ్ళిన సైన్యంలో దక్షిణాది సిపాయిలున్నారు. యూరోపు పద్ధతిలో కవాతు నేర్చిన ఆ సిపాయిలని ఉత్తరాది జనం 'తిలంగాలు' అన్నారు. తెలుగుదేశం పేరుమీద పుట్టిన మాట అది. రానురాను ఏ ప్రాంతంవాడైనా సరే, కంపెనీ సిపాయి అంటే తిలంగాయే అయిపోయాడు. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో కూడా తిరుగుబాటు సిపాయిలని ఆ పేరుతోనే పిలిచారు.

సరే, ఆ తిలంగా సిపాయి నడుముకి కట్టుకున్న సంచీలో ఏముండేది? ఆ సంచీ విప్పి చూద్దాం. పెద్దాయన తెచ్చిన బిళ్ళ అందులో ఉండే అవకాశం ఉందో లేదో తెలిసిపోతుంది. బజార్లో ఈ బిళ్ళల మీద ఎక్కువగా కనబడే సంవత్సరాలు 1616, 1717, 1818. గుర్తుండిపోయే అంకెలు. ఒక్కొక్క సంవత్సరమే తీసుకుందాం.

1616: సైన్యమూ లేదు, టంకశాలా లేదు

లండన్‌లో ఈస్టిండియా కంపెనీకి చార్టర్ వచ్చింది 1600 డిసెంబరు 31న. కంపెనీవాళ్ళు 1611లో మన మచిలీపట్నంలో దిగి వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఆ రేవు అప్పుడు గోల్కొండ కుతుబ్ షాహీల పాలనలో ఉంది. 1613 నాటికి సూరతులో నిలదొక్కుకున్నారు. 1616లో మొఘలు సింహాసనం మీద ఉన్నది జహాంగీరు. ఇంగ్లండు రాజు పంపిన రాయబారి సర్ థామస్ రో ఆ దర్బారులో వర్తకానికి అనుమతులు అడుగుతూ పడిగాపులు పడుతున్నాడు. మన అద్దకం బట్టలు కొనుక్కోవడానికి వచ్చిన ఆ వర్తకులకి ఈ దేశంలో గజం నేల మీద కూడా అధికారం లేదు. అలాంటివాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో, హనుమంతుడి బొమ్మతో నాణెం వేస్తే మచిలీపట్నం బజార్లో పుచ్చుకునే వాడెవడు?

కొన్ని బిళ్ళల మీద 'యు.కె.ఎల్.' అని కూడా ఉంటుంది. ఏ కంపెనీ టంకశాలకీ ఆ గుర్తు లేదు. యు.కె. అంటే యునైటెడ్ కింగ్‌డమ్ అని అమ్మేవాడు వివరిస్తాడు. బ్రిటన్, ఐర్లండ్ కలిసి ఆ పేరు పెట్టుకున్నది 1801లో. 1616 నాటి వస్తువు మీదికి అది ఎలా వచ్చిందో అడిగి చూడండి.

1717: రాత పారసీకం, పేరు పాదుషాది

1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు మద్రాసు నేల కంపెనీకి ఇచ్చినప్పుడు నాణేలు వేసుకునే హక్కు కూడా ఇచ్చాడు. అక్కడినుంచి కంపెనీవాళ్ళు దక్షిణాది అలవాటు ప్రకారం బంగారు వరహాలు, చిన్న పణాలు వేస్తూ వచ్చారు. బొంబాయి సంగతి వేరు. 1717లో మొఘలు చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఇచ్చిన ఫర్మానాతో బొంబాయి రూపాయలకి మొఘలు రాజ్యంలో చెలామణి దొరికింది. ఆ రూపాయి మీద ఏముంటుంది? పాదుషా పేరు, పాలనా సంవత్సరం, టంకశాల పేరు, అన్నీ పారసీక లిపిలో. దేవుడి బొమ్మ ఉండదు, ఇంగ్లీషు మాట ఉండదు. ఎందుకంటే ఆ రోజుల్లో రూపాయి అంటే పాదుషా పేరుతో ఉన్న రూపాయే. కంపెనీ తన పేరు వేసుకుంటే వెండి అదే అయినా సరాఫు వట్టం కోసుకునేవాడు.

1818: సరిగ్గా దేవుడు తప్పుకున్న సంవత్సరం

మన పెద్దాయన బిళ్ళ మీద ఉన్నది ఈ సంవత్సరమే. ఇక్కడ విచిత్రం ఉంది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రధాన నాణెం వరహా. ఒక వరహాకి 42 పణాలు, ఒక పణానికి 80 కాసులు. 1818 జనవరిలో మద్రాసు ప్రభుత్వం వరహాని పక్కనపెట్టి వెండి రూపాయిని ప్రమాణంగా ప్రకటించింది. 100 వరహాలకి 350 రూపాయలు, అంటే వరహా మూడున్నర రూపాయలని లెక్క కట్టింది. వరహా మీద విష్ణుమూర్తి రూపం ఉండేది. అంటే దేవుడి రూపమున్న నాణెం సర్కారు లెక్కల్లోంచి తప్పుకున్నది సరిగ్గా 1818లోనే! నకిలీ చేసేవాడికి ఈ సంగతి తెలిసి ఉంటే ఇంకో సంవత్సరం ఎంచుకునేవాడు.

ఆ ఏడాది మద్రాసు టంకశాలలో తయారైన వెండి రూపాయి మీద 1818 అనే అంకె కూడా కనబడదు. రెండవ ఆలంగీరు పాదుషా పేరు, హిజ్రీ 1172, ఆర్కాటు అనే ఊరి పేరు ఉంటాయి. ఆ పాదుషా 1759లోనే చనిపోయాడు. ఆయన పోయి దాదాపు అరవై ఏళ్ళయినా నాణెం మీద పేరు మారలేదు. జనానికి అలవాటైన ముఖాన్ని కంపెనీ మార్చదలచుకోలేదు. 19వ శతాబ్దం మొదటి భాగంలో సిపాయి నెల జీతం ఏడు రూపాయలు. అతను లెక్కపెట్టుకున్నది ఇలాంటి పారసీకపు రాతల రూపాయలనే.

ఇక 'ఒక అణా' సంగతి. దేశమంతటికీ ఒకే రకం నాణేలు 1835 చట్టంతో వచ్చాయి. అప్పుడు వచ్చిన రాగి నాణేలు అర అణా, పావు అణా, అణాలో పన్నెండో వంతు. ఈ ఏకరీతి నాణేల వరసలో పూర్తి అణా బిళ్ళ వచ్చింది ఏడవ ఎడ్వర్డు కాలంలో, 1907 సంవత్సరంతో. అదీ రాగి కాదు, రాగి-నికెల్ మిశ్రమం, అంచు పూలరేకుల్లా వంకీలు తిరిగి ఉంటుంది. అప్పటికి కంపెనీ పాలన పోయి సుమారు అర్ధ శతాబ్దం అయింది. 1862 నుంచి నాణేల మీద కంపెనీ పేరే లేదు. అంటే కంపెనీ పేరు, ఒక అణా, 1818, రాగి రంగు, ఈ నాలుగూ ఒకే బిళ్ళ మీద కలిసే వీలు లేదు.

"మరి దేవుడి బొమ్మ ఉన్న కంపెనీ నాణేలు ఉన్నాయి కదా?"

పెద్దాయన కూడా ఇదే అడిగారు. మధ్యవర్తి ఇంటర్నెట్‌లో ఫొటోలు చూపించాడట. న్యాయమైన ప్రశ్నే. ఉన్నాయి. కంపెనీ మద్రాసులో వేసిన వరహాల్లో ఒక స్వామి ఉన్నవి, ఇద్దరు దేవేరులతో స్వామి ఉన్నవి ఉన్నాయి. 'స్టార్ పగోడా' అనే వరహాకి ఒకవైపు విష్ణువు, రెండోవైపు చుక్కల మధ్య అయిదు కోణాల నక్షత్రం. అయితే అవి బంగారువి. బరువు సుమారు 3.4 గ్రాములు, పరిమాణం చొక్కా బొత్తాం కన్నా మించదు. వాటి మీద ఇంగ్లీషు ముక్క ఉండదు.

1807-08లో మద్రాసులోనే అర వరహా, పావు వరహా వెండి నాణేలు వేశారు. వీటి మీద ఒకవైపు గుడి గోపురం, నక్షత్రాలు. రెండోవైపు విష్ణువు. రాత ఒకవైపు ఇంగ్లీషు, పారసీకం. రెండోవైపు తమిళం, తెలుగు! ఆ కాలపు కొన్ని రాగి డబ్బుల మీద కూడా మన లిపి ఉంది. 'డబ్బు' అన్నది అసలు ఒక రాగి నాణెం పేరేనని మనలో చాలామందికి తెలియదు. ఇంగ్లీషువాళ్ళు 'డబ్' అని రాసుకున్నది ఈ మాటనే. అంతకుముందు 1794, 1797 సంవత్సరాలతో ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో, సోహో టంకశాలలో, యంత్రాలమీద రాగి నాణేలు కొట్టించి ఓడల్లో తెప్పించారు. రూపాయికి 48 అని వాటిమీదే రాసి ఉంటుంది. దేవుడి బొమ్మ లేదు, కంపెనీ చిహ్నం ఉంటుంది.

గమనించండి. ఎక్కడ దేవుడున్నాడో అక్కడ స్థానిక వర్తకుడి అలవాటు ఉంది. ఎక్కడ కంపెనీ చిహ్నం ఉందో అక్కడ యంత్రం ఉంది. ప్రతి గుర్తుకీ ఒక కారణం ఉంది. ఆంజనేయస్వామి, ఇంగ్లీషు అణా కలిసిన బిళ్ళకి మాత్రం 1818లో పుచ్చుకునే మనిషి లేడు. అది మనకోసం తయారయింది. మన భక్తీ, ఇంగ్లీషు రాత చూస్తే మనకి కలిగే గౌరవమూ, ఈ రెండూ తెలిసినవాడు చేశాడు దాన్ని.

రామటంకాలు వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దేవుడి బొమ్మ ఉన్న ప్రతి పాత బిళ్ళా మోసం కాదు. రామటంకాలని ఉన్నాయి. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, తమ్ముళ్ళు, ఆంజనేయుడు. రెండోవైపు విల్లంబులతో వనవాసంలో రామలక్ష్మణులు. నాగరి లిపిలో, తరచుగా తప్పులతో, నామాలు ఉంటాయి. బంగారంలో గిన్నెలా లోతుగా ఉన్నవీ, వెండిలో చదునుగా ఉన్నవీ దొరుకుతాయి. ఇవి ఏనాడూ చెలామణిలో ఉన్న నాణేలు కావు. పూజలో పెట్టుకోవడానికి, పెళ్ళిళ్ళలో, శుభకార్యాల్లో ఇచ్చిపుచ్చుకోవడానికి చేసిన టోకెన్లు. మ్యూజియాల్లోనూ ఉన్నాయి. వాటిమీద కనబడే సంవత్సరాలు చాలాసార్లు నిజం కావు. 51740 లాంటి అంకెలు కూడా కనబడతాయి. ఆ అంకె చూసి యాభై వేల ఏళ్ళ నాటిదని చెప్పేవాళ్ళున్నారు!

కాబట్టి రామటంకం అబద్ధం చెప్పదు. దాన్ని త్రేతాయుగం నాణెమనో, కంపెనీ నాణెమనో అమ్మేవాడి నోరు చెబుతుంది. వెండిదైతే వెండి విలువ, పాతదైతే సేకరించేవాళ్ళిచ్చే విలువ, ఇంట్లో పెద్దలు పూజించినదైతే దాని విలువ మీకే తెలుసు.

చేతిలో పెట్టుకుని చూసే పద్ధతులు

చరిత్ర చెప్పింది విన్నాక లోహాన్ని అడగాలి. వర్క్‌షాప్‌లో ఏ స్పేర్ పార్టు వచ్చినా ముందు కొలిచి గాని ఎక్కించేవాళ్ళం కాదు. ఇక్కడా అంతే.

ఒకటి, తూకం. చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. 1835 నాటి రూపాయి 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పావు అణా 6.48 గ్రాములు. అరిగితే బరువు కొద్దిగా తగ్గుతుంది, ఎన్నడూ పెరగదు. ఎక్కువ తూగితే అక్కడే అనుమానించాలి.

రెండు, కొలత. వెర్నియర్ ఉంటే మంచిది. 1835 రూపాయి అడ్డకొలత 30 మిల్లీమీటర్ల పైచిలుకు. యంత్రాలు రాకముందు చేత్తో సుత్తి దెబ్బలతో కొట్టిన వరహాలు, డబ్బులు మాత్రం వంకరటింకరగా ఉంటాయి, ముద్ర ఒకవైపుకి జరిగి ఉంటుంది. ఆ కాలపుదని చెప్పిన బిళ్ళ కంపాసుతో గీసినట్టు గుండ్రంగా ఉంటే అదీ అనుమానమే.

మూడు, నీళ్ళ పరీక్ష. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెని సున్నా చేయండి. బిళ్ళని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్ళలో ముంచి పట్టుకోండి. కాటా చూపించే గ్రాములు బిళ్ళ తొలగించిన నీటి బరువు. బిళ్ళ బరువుని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమి బంగారం 19.3, వెండి 10.5, రాగి 8.9, ఇత్తడి 8.4 నుంచి 8.7 మధ్య. పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి ఉన్న పాత రూపాయి 10.3 దగ్గర ఉంటుంది.

నాలుగు, అంచు. పోత పోసిన నకలుకి అంచు చుట్టూ మధ్యలో సన్నటి గీత ఉంటుంది. రెండు అచ్చులూ కలిసిన చోటు అది. ఆకురాయితో రాసేసినా ఆ గీతల దారి కనబడుతుంది. అసలు నాణేన్ని పోత పోయరు, ముద్రలమధ్య పెట్టి కొడతారు.

అయిదు, ముఖం. పదింతల భూతద్దంతో చూడండి. పోతలో గాలి బుడగల చిన్న గుంటలుంటాయి, అక్షరాల అంచులు సబ్బు బిళ్ళ మీద రాతలా మెత్తగా ఉంటాయి. కొట్టిన నాణెం మీద అక్షరం నిటారుగా లేస్తుంది.

ఆరు, అరుగుదల. నిజంగా చేతులు మారిన నాణెం ఎత్తుగా ఉన్న చోటే అరుగుతుంది. ముక్కు, భుజం, అక్షరాల పైభాగం ముందు అరుగుతాయి. పల్లం భద్రంగా ఉంటుంది. మోసగాడు అంతటా ఒకేలా గరుకు కాగితం రాస్తాడు. కిలుము కూడా అంతే. ఏళ్ళమీద పట్టిన కిలుము లోహంలో కలిసిపోయి ఉంటుంది. రసాయనంతో తెప్పించినది గోటితో గీకితే పొడిలా రాలుతుంది.

ఏడు, అయస్కాంతం. బంగారం, వెండి, రాగి దేనికీ అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుముంది. అంటుకోనంత మాత్రాన అసలని మాత్రం అనుకోకండి, ఇత్తడికీ అంటుకోదు.

ఇవన్నీ దాటిపోయే పనిమంతులైన నకిలీదారులూ ఉన్నారు. సరైన వెండి వాడి, ముద్రలు చెక్కించి కొట్టే నకళ్ళున్నాయి. అలాంటప్పుడు అసలు నాణెంతో పక్కపక్కన పెట్టి పోల్చడమే దారి. చెన్నై ఎగ్మూరు మ్యూజియం, హైదరాబాదు స్టేట్ మ్యూజియం, ముంబైలో రిజర్వు బ్యాంకు 2004లో తెరిచిన మ్యూజియం, నాసిక్ దగ్గర ఆంజనేరిలోని నాణేల పరిశోధన సంస్థ, ఇవన్నీ చూడదగ్గవి. దేవళాలీలో పోస్టింగు ఉన్న మన ఆర్టిలరీ సోదరులకి ఆంజనేరి ఒక పూట ప్రయాణం. ఇంకో మాట, ఇంట్లో పాత నాణేలుంటే చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, విలువ పోతుంది.

బియ్యం లాగే బిళ్ళ

మా పెద్దాయనకి చెప్పిన 'మహత్తు' ఏమిటంటే ఈ బిళ్ళ బియ్యపు గింజల్ని తనవైపు లాక్కుంటుందట. 'రైస్ పుల్లర్' పేరుతో మన రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న మోసం ఇది. పాత రాగి చెంబులు, బిళ్ళలు పిడుగుపాటుకి గురై 'ఇరిడియం'గా మారాయని, అంతరిక్ష సంస్థలు కోట్లు పెట్టి కొంటాయని చెబుతారు. పిడుగు పడితే రాగి ఇరిడియం కాదు. ఇరిడియం అనే లోహం ఒకటుందని ప్రపంచానికి తెలిసిందే 1803లో. ఇరిడియం బియ్యాన్ని లాగదు. బియ్యానికి ఇనుప పొడి పట్టించి, బిళ్ళ కింద అయస్కాంతం దాస్తే మాత్రం లాగుతుంది. అలా ప్రదర్శన చేసి చూపిస్తారు.

2018 మే నెలలో ఢిల్లీ పోలీసులు ఇలాంటి కేసులో ఒక తండ్రీ కొడుకులని పట్టుకున్నారు. రేడియేషన్ నుంచి కాపాడే సూట్లని చెప్పి వెండి రంగు దుస్తులు వేసుకుని, నాసాకి అమ్ముతామంటూ ఒక వ్యాపారి దగ్గర కోటికి పైగా లాగారు. ఈ మోసగాళ్ళు కొన్నిచోట్ల డి.ఆర్.డి.వో. పేరు కూడా వాడుకుంటున్నారు. యూనిఫాం వేసినవాళ్ళకి ఆ పేరు మీద గౌరవం ఉంటుంది కదా. ఆ గౌరవమే వాళ్ళ పెట్టుబడి.

చట్టం కూడా తెలుసుకోవాలి. నేలలో దొరికిన పది రూపాయలు దాటిన నిధి ఏదైనా కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు మనిషి విదేశాలకి పంపడం నేరం. అంటే 'విదేశీ కంపెనీ కొంటుంది' అన్న మాట ఒకవేళ నిజమైతే మీరు నేరంలో భాగస్థులు, అబద్ధమైతే మోసపోయినవాళ్ళు. రెండువైపులా నష్టమే. పాత నాణేల అమ్మకాల పేరుతో తన పేరు వాడుకుని కమీషన్లు అడుగుతున్నారని, తనకి ఆ వ్యాపారంతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా చేసింది. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నిజమైన పాత నాణేలకి మాత్రం కోట్లు వస్తాయా? 1809 జనవరిలో 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ మద్రాసుకి బయలుదేరి ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. దాని నిండా మద్రాసు కోసం కొట్టిన రాగి కాసులు. 1980లలో అవి లక్షల సంఖ్యలో బయటికొచ్చాయి. రెండు వందల ఏళ్ళ నాటివి, నూటికి నూరుపాళ్ళు అసలైనవి. అయినా మామూలు ఉద్యోగి కొనుక్కోగలిగిన ధరకే దొరుకుతాయి. పాతదనం ఒక్కటే విలువ తేదు.

మన ట్రంకు పెట్టెలో ఉన్నవి

ఆ ఆదివారం సాయంత్రం మా వీధి చివర కంసాలి కొట్లో బిళ్ళని తూచాం. 21 గ్రాములు. నీళ్ళ పరీక్షలో తొలగిన నీరు 2.5 గ్రాములు. భాగిస్తే 8.4. రాగి కూడా కాదు, ఇత్తడి. అంచు మీద పోత గీత ఉంది. కిలుము గోటికి వచ్చేసింది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. సోమవారం బ్యాంకుకి వెళ్ళలేదు. నలభై వేలు మాత్రం తిరిగి రాలేదు. మధ్యవర్తి ఫోన్ మారిపోయింది.

పది రోజుల తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చారు. ఈసారి పట్టుగుడ్డ లేదు, పాత ఇన్‌లాండ్ కవరులో చుట్టిన ఒక మెడల్. ఆయన తాతగారిది, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. "ఇదీ నకిలీయేనా సాబ్?" అని అడిగారు. కాస్త నవ్వు, కాస్త భయం.

బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, 36 మిల్లీమీటర్లు. ఒకవైపు అయిదవ జార్జి, రెండోవైపు గుర్రం మీద మనిషి. లేబర్ కోర్ లాంటి వాటిలో పనిచేసిన వాళ్ళకి ఇదే కంచులో ఇచ్చారు. దీని ప్రాణం అంచులో ఉంది. ఆ సిపాయి నంబరు, హోదా, పేరు, యూనిట్ అన్నీ అంచు చుట్టూ అచ్చుకొట్టి ఉంటాయి. బజార్లో దీనికీ నకళ్ళున్నాయి, పేరు మార్చినవీ ఉన్నాయి. పాత పేరు రాసేసి కొత్తది కొడితే ఆ మేర అంచు పలచబడుతుంది. వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిస్తే తెలిసిపోతుంది. మేం కొలిచాం. నాలుగు చోట్లా ఒకటే కొలత. అక్షరాలు సన్నగా అరిగాయి గాని చదవడానికి వచ్చాయి.

ఆ యుద్ధంలో మరణించిన భారత సైనికులు సుమారు 74 వేలు. చనిపోయినవారి కుటుంబాలకి 120 మిల్లీమీటర్ల కంచు ఫలకం ఇచ్చారు. దానిమీద హోదా ఉండదు, పేరు మాత్రమే ఉబ్బెత్తుగా ఉంటుంది. పెన్నీ నాణెంలా ఉందని ఇంగ్లండు జనం దాన్ని చచ్చినవాడి పెన్నీ అన్నారు. మద్రాసు సాపర్లు మెసొపొటేమియా దాకా వెళ్ళి పోరాడారు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో తరతరాలుగా ఇంటికొక సిపాయి ఉన్నాడు. అలాంటి ఇళ్ళలో ఇవి ఎన్ని కంసాలి మూసలో కరిగిపోయాయో! లేని మహత్తు కోసం లక్షలు పోస్తున్నవాళ్ళం, పేరు చెక్కి ఉన్నదాన్ని తూకానికి అమ్మేస్తున్నాం.

తిలంగా సిపాయి సంచీలోని రూపాయి ఎవరి చేతికైనా వెళ్ళడానికి చేసింది. రామటంకం దేవుడి ముందు పెట్టడానికి చేసింది. మెడల్ ఒక్క మనిషి కోసమే చేసింది, ఆ మనిషి పేరు దాని అంచు మీదే ఉంది. దయచేసి మీ ఇంట్లో ట్రంకు పెట్టె ఒకసారి తెరవండి. మెడల్ ఉంటే తోమకుండా, పాలిష్ పెట్టకుండా, వెలుతురులో తిప్పి అంచు చదవండి. ఆ వివరాలు ఒక కాగితం మీద రాసి మనవలకి ఇవ్వండి. వచ్చే సమావేశానికి తీసుకొస్తే నా వెర్నియరూ భూతద్దమూ సిద్ధంగా ఉంటాయి.

వెళ్ళేముందు పెద్దాయన ఒక మాట చెప్పారు. ఆ మెడల్ కరిగించి మనవరాలికి కాలిపట్టీలు చేయిద్దామని కిందటి శ్రావణంలోనే అనుకున్నారట. ఇత్తడి ఆంజనేయుణ్ణి వాళ్ళావిడ దేవుడి గూట్లో పెట్టేశారు, స్వామి ఏ తప్పూ చేయలేదని. మెడల్ అద్దాల ఫ్రేములోకి వెళ్ళింది. పట్టీలు పెన్షన్ డబ్బుతోనే చేయించారు.

జై హింద్.